పందెం లేని ఆటలో తొండి: ఎక్కడిదాకా ఊరుకోవచ్చు?

కోటగుమ్మం (విజయనగరం) అడిగిన ప్రశ్న

సంక్రాంతికి ఇళ్ళు నిండుతాయి. భోగి నుంచి ముక్కనుమ దాకా మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద రమ్మీ, అరుగు మీద అష్టాచెమ్మా, వరండాలో క్యారమ్స్. రూపాయి పందెం ఉండదు. రమ్మీ కౌంటు (ఓడినవాళ్ళ చేతిలో మిగిలిన ముక్కల లెక్క) కాగితం మీదే, మహా అయితే చింతపిక్కలు. నా ప్రశ్న ఇలాంటి ఆటల గురించే.

ప్రతి గుంపులోనూ "సరదాకేగా, డబ్బులేం పోలేదుగా" అంటూ చెయ్యి అటూ ఇటూ చేసేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. పక్కవాడి ముక్కల్లోకి తొంగిచూడటం, కౌంటులో పది తగ్గించి చెప్పడం, కాయని ఒక గడి ఎక్కువ జరపడం. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, మొహం చూసి పసిగట్టడం తప్పు కాదని అందరం ఒప్పుకుంటాం. మరి గీత ఎక్కడ గీయాలి? చంటి పిల్లల్ని కావాలని గెలిపించడమూ తొండేనా? కొత్త అల్లుణ్ణి మధ్యలో కూర్చోబెట్టి బావమరుదులంతా సైగలతో ఆడించడం ఏ లెక్కలోకి వస్తుంది?

తగువు పడకుండా ఇవి మొదట్లోనే ఆగాలంటే ఏం చేయాలో కూడా చెప్పండి. సూక్తులు వద్దు. ఆట తెలిసినవాళ్ళు ఆటల వారీగా చెబితే మేలు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

రమ్మీ వరకు నేను చెబుతాను, మిగతావి తెలిసినవాళ్ళు అందుకోండి.

గీత సంగతి: ఆ పనిని ఆట మొదలవకముందే అందరి ముందూ చెప్పి ఒప్పించుకోగలరా అని చూసుకోండి. "పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకుంటాను" అంటే ఎవరూ కాదనరు. 1967లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అంది. అందుకు చూపిన కారణం కూడా ఇదే: పడే ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి. "పేక కలుపుతూ అడుగు ముక్క చూసుకుంటాను" అని మాత్రం ముందుగా చెప్పి చూడండి, పేక మీ చేతికివ్వరు.

ఇక చాప మీద జరిగేది. ఐదుగురు ఆడితే రెండు పేకలు, పేకకో జోకరు కలుపుకుని 106 ముక్కలు. పంచేవి 65, ఓపెన్ ముక్క ఒకటి, జోకరు కోసం తీసింది ఒకటి, మిగిలేవి 39. షో (ఒకరు ముక్కలు విప్పి ఆట ముగించడం) అయ్యాక ముక్కలు సీక్వెన్సులూ సెట్లూగానే పోగవుతాయి. చేతిలోంచి చేతిలోకి జార్చుతూ నాలుగైదు సార్లు కలిపితే ఆ వరసలు చెదరవు. ఆఠీన్ 5, 6, 7 అతుక్కునే ఉండి, ఒక్కొక్క ముక్కా పంచేసరికి వరసగా కూర్చున్న ముగ్గురికి వెళ్తాయి. పోయిన చెయ్యి గుర్తున్నవాడికి తన దగ్గర 6 చూడగానే అటూ ఇటూ ఏమున్నాయో తెలిసిపోతుంది. దీన్ని తొండి అనలేం గానీ ఆట మాత్రం చెడుతుంది. పేకని రెండు సగాలు చేసి అంచులు ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో 52 ముక్కలకి ఏడుసార్లు వేస్తే బాగా కలిసినట్టేనని 1992లో బేయర్, డయాకోనిస్ అనే గణితవేత్తలు లెక్క తేల్చారు. 106 ముక్కలకి ఇంకో రెండు మూడు వేసుకోండి. ఆ పద్ధతి చేతకాకపోతే పేకంతా చాప మీద బోర్లా పరిచి రెండు చేతులతో ఒక నిమిషం గుండ్రంగా కెలికేయండి. చూడ్డానికి మోటుగా ఉంటుంది, పని మాత్రం అవుతుంది.

పేకని ఎత్తుగా పట్టుకుని కలిపితే అడుగు ముక్క ఎదురుగా కూర్చున్నవాడికి కనిపిస్తుంది. అందరూ కలిపేవాడి చేతుల్నే అనుమానిస్తారు, లాభపడేది ఎదుటివాడు. కోత (పైన కొన్ని ముక్కలు ఎత్తి అడుగున పెట్టడం) పెట్టేది అందుకే. పంచేవాడు కాకుండా వేరేవాళ్ళు కోయాలి, కనీసం పదిహేను ముక్కలు ఎత్తాలి. పైన రెండు ముక్కలు ఎత్తి "కోశాను" అంటే కోసినట్టు కాదు.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. వీపు వెనక ఇనప బీరువా అద్దం ఉన్నా, ఆర్పేసిన టీవీ తెర ఉన్నా ముక్కలు ఎదుటివాడికి అప్పజెప్పినట్టే. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ గొడవ లేదు. పక్కవాడి ముక్కలు అనుకోకుండా కళ్ళబడితే "కనిపిస్తున్నాయి బావా" అని ఒకసారి చెప్పడం మీ వంతు. తర్వాత కూడా విసనకర్రలా విప్పి పట్టుకుంటే అది అతని ఖర్మ. మెడ సాచి చూస్తే మాత్రం మీదే తప్పు. మూల మడతపడిన ముక్క ఉంటే ఆ ఇంటివాళ్ళందరికీ దాని పేరు తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు. ఆ పేకని పక్కన పడేయండి. వెనక వైపు రంగులు వేరువేరుగా ఉన్న రెండు పేకలు కలపడం కూడా మంచిది కాదు, వీపు చూసి ఏ పేక ముక్కో చెప్పేయొచ్చు.

జతకట్టడం చాలావరకు నోటితోనే జరుగుతుంది. "ఆఠీన్లు ఒక్కటీ రావట్లేదురా" అన్నది పైకి మూలుగు, లోపల కబురు. దాన్ని పట్టుకోవడం కష్టం కాబట్టి ఐదు చేతులకోసారి చీటీలు తీసి చోట్లు మార్చండి. ముక్క అందించాలంటే తన తర్వాత ఆడేవాడికే అందించగలరు. చోటు మారితే ఆ దారి మూసుకుపోతుంది.

అసలు తొండి ఎక్కువగా జరిగేది కౌంటు దగ్గర. షో పడగానే ఓడినవాడు ముక్కలు చూపించకుండా "ఇరవై రెండు" అని పేకలోకి కలిపేస్తాడు. లైఫ్ (జోకరు కలవని సీక్వెన్సు) లేని చేతికి సెట్లున్నా లెక్కలోకి రావు, జోకర్లు పోను అన్నీ కౌంటే, 80 దాకా. లేని లైఫ్ ఉందనేస్తే 65 కాస్తా 22 అవుతుంది. దీనికి మందు ఒకటే: కాగితం మీద అంకె పడేదాకా ముక్కలు విప్పి చాప మీదే ఉండాలి. ముందే కలిపేసినవాడికి మాటల్లేకుండా 80. రాసేవాడి కౌంటు పక్కవాడు చూసి చెప్పాలి. మూడు చేతులకోసారి మొత్తాలు పైకి చదవాలి.

శ్రీముఖలింగం

ఒక్క మాట. తొండి అనగానే అందరూ శకుని పేరెత్తుతారు. కౌంటు తొండికి సరైన పేరు రుక్మిది. భాగవతం దశమస్కంధంలో అనిరుద్ధుడి పెళ్ళిలో బలరాముడితో జూదానికి కూర్చుంటాడు. బలరాముడు గెలిచిన పందేన్ని "నేనే గెలిచాను" అంటాడు. ఆకాశవాణి చెప్పినా ఒప్పుకోడు. రుక్మి ప్రాణం పోయింది, అది అందరికీ తెలిసిందే. పక్కన కూర్చుని పళ్ళికిలించి నవ్విన కళింగరాజుకి ఆ పళ్ళే రాలాయి. మన ప్రాంతం రాజే పాపం! దొంగ కౌంటు విని తెలిసీ నవ్వి ఊరుకునే మూడోవాడి సంగతి కోటగుమ్మం గారు అడగలేదు, అడగాల్సింది.

జీడిపిక్క (పలాస)

గట్టు మాస్టారూ, ముందే చెప్పి ఒప్పించుకోవాలంటే మరి బ్లఫ్ ఆట సంగతేటి? "మూడు రాణులు" అని రెండు ఏడులూ ఓ జాకీ బోర్లా పెట్టడమే కదా అందులో మజా. రమ్మీలో కూడా అక్కర్లేని ముక్క ఎత్తుకుని ఎదుటోణ్ణి తప్పుదారి పట్టిస్తారు. ముందే చెప్తే అదీ చెడిపోద్ది. అది మోసం కాదేటి?

ఇంకోటి. బావాబావమరుదులు ఆడుతుంటే తొండే సగం ఆట. అది తీసేస్తే మిగిలేవి అంకెలే. దానికీ ఓ పద్ధతి ఉంది: తొండి చెల్లుతుందని ముందే అనుకోవాలి. తర్వాతోడు ముక్క ఎత్తేలోగా పట్టుకుంటే చేసినోడికి 40. ఎత్తేశాక అడక్కూడదు. తప్పుగా పట్టుకుంటే పట్టుకున్నోడికి 20. ఈ ఇరవై లేకపోతే చెయ్యి చెయ్యికీ "తొండి, తొండి" అని అరిచి ఆట ముందుకి కదల్నివ్వరు. ముక్కలకి గోరుతో గుర్తులు పెట్టడం, కాగితం మీద కౌంటు మార్చడం మాత్రం ఈ లెక్కలో ఒగ్గకూడదు. గుర్తు పెడితే పేక పాడు, ఆ ఒక్క ఆటతో పోదు.

నాగావళి గట్టు

సరైన చోట పట్టుకున్నారు. నేను సరిగ్గా చెప్పలేదు. ఒప్పుకోవాల్సింది ఆ రకాన్ని, ఒక్కొక్క ఎత్తునీ కాదు. "ఈ ఆటలో బోర్లా పెట్టిన ముక్కల గురించి అబద్ధం చెప్పొచ్చు" అని బ్లఫ్‌కి కూర్చున్న అందరికీ ముందే తెలుసు. ఏ క్షణాన చెబుతారన్నదే తెలియదు. రమ్మీలో అక్కర్లేని ముక్క ఎత్తడమూ అంతే. మీ నలభై-ఇరవై పద్ధతిలో కూడా తొండి అనుమతే గానీ, అదేమిటో చాప మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

కొత్త అల్లుడి దగ్గర ఇది తిరగబడుతుంది. బావమరుదులు నలుగురికీ ఒక ఆట, అతనికి ఒక్కడికే వేరే ఆట. ఒకటి రెండు చేతులు ఆడించి, అక్కడికక్కడే గుట్టు విప్పేసి, ఆ కౌంటు కొట్టేస్తే వేళాకోళం. సాయంత్రం దాకా సాగదీసి కాగితం మీద ఓటమి ఉంచేస్తే, అతను తర్వాత విన్న రోజున నవ్వడు. విప్పడం ఎప్పుడన్నదాన్ని బట్టే ఉంటుంది.

వామనగుంట (బొబ్బిలి)

అష్టాచెమ్మా గురించి నేను రాస్తాను, ఇందులో తొండి చేతివాటంలోనే ఉంటుంది.

చింతపిక్కల్ని ఒక వైపు గచ్చు మీద తెల్లబడేదాకా అరగదీసి నాలుగు వాడతాం. నాలుగూ తెలుపైతే చెమ్మా అంటే 4, నాలుగూ నలుపైతే అష్టా అంటే 8. పిక్క అటూ ఇటూ సమానంగా పడితే పదహారు విసుర్లకి ఒక చెమ్మా, ఒక అష్టా. రెండిటికీ మళ్ళీ వేసే అవకాశం ఉంటుంది కాబట్టి అందరి కన్నూ వాటి మీదే. అయితే ఏ పిక్కా సమానంగా పడదు. ఎంత అరగదీశారన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. తెలుపు నూటికి ముప్ఫై సార్లే పడే పిక్కలతో లెక్క వేయండి: నాలుగు విసుర్లకి ఇంచుమించు ఒక అష్టా పడుతుంది, చెమ్మా నూటికి ఒక్కసారి పడటమే గొప్ప. మీ పిక్కల సంగతి తెలుసుకోవాలంటే నాలుగూ కలిపి వందసార్లు వేయండి, నాలుగు వందల్లో తెలుపులెన్నో రాసుకోండి. 200కి అటూ ఇటూ ఓ ఇరవై తేడా మామూలే, 240 దాటితే పిక్కల్లోనే తిరకాసు.

అందరూ అవే పిక్కలతో వేస్తున్నంతసేపూ ఆ తిరకాసు అన్యాయం కాదు, అందరికీ అదే వాలు. "నా పిక్కలు నావే" అని జేబులోంచి తీసినప్పుడే గొడవ. సొంత పిక్కలు వద్దనేయండి.

చేతివాటం ఇలా ఉంటుంది. నాలుగు పిక్కలూ గుప్పిట్లో ఆడిస్తారు, రెండు మాత్రం చిటికెనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య తెలుపు పైకి ఉండేలా ఇరికించి ఉంటాయి. వేసేటప్పుడు చెయ్యి నేలకి ఆనించినంత కిందకి దించి జారుస్తారు, విసరరు. ఆ రెండూ పొర్లకుండా తెల్లగా కూర్చుంటాయి, మిగతా రెండే దొర్లుతాయి. అప్పుడు పదహారుకి ఒకసారి పడాల్సిన చెమ్మా నాలుగుకి ఒకసారి పడుతుంది. ఇందులో దొరికిపోయే ఆనవాలు ఒకటుంది: ఆ చేతికి 1 (ఒక్కటే తెలుపు) పడదు, అష్టా పడదు. వరసగా పది విసుర్లలో రెండూ పడకుండా ఉండటం నిఖార్సుగా వేసినా జరగొచ్చు, కానీ నూటికి రెండుసార్లే. ఒకసారి చూసి నింద వేయకండి, రెండో పదీ లెక్కపెట్టండి.

ఆపడం తేలిక. రెండు అరచేతులూ మూసి ఆడించాలి, జానెడు ఎత్తు నుంచి వదలాలి. గోడకి ఆనినదీ, ఇంకో పిక్క మీదికెక్కినదీ చెల్లదు, నాలుగూ మళ్ళీ వేయాలి. చీరకొంగు, లుంగీ మడత మీద పడినా అంతే.

కాయ జరిపేటప్పుడు ఉన్న గడినే "ఒకటి" అని లెక్కపెట్టేవాళ్ళూ, ఒక గడి మింగేసేవాళ్ళూ ఉంటారు. కాయతో గడిగడికీ తట్టుతూ పైకి లెక్కపెట్టాలి. ఎత్తి ఒకేసారి దూరంగా పెడితే ఒప్పుకోకండి. సుద్దముక్కతో గీసిన గళ్ళు మధ్యాహ్నానికి చెరిగిపోతాయి, అప్పుడు "నా కాయ ఇక్కడే ఉంది" మొదలవుతుంది. ముగ్గుపిండి తడిపి గీస్తే రోజంతా ఉంటుంది. ఇంకో పని, ఆట మొదట్లోనే తేల్చుకోండి: కాయని చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చా, వరసగా మూడు చెమ్మాలు పడితే ఏమిటి, కాయ పండటానికి సరిగ్గా అంకె పడాలా. ఊరికో పద్ధతి, ఇంటికో పద్ధతి. తొండి అని అరిచేవాటిలో సగం ఇవే. బొబ్బిలి పద్ధతికీ రాజాం పద్ధతికీ మధ్య తగువు తప్ప అందులో దొంగతనం ఉండదు.

స్ట్రైకర్ (విజయనగరం)

క్యారమ్స్‌కి నాలుగు మాటలు. స్ట్రైకర్ రెండు బేస్ గీతల్నీ తాకాలి. చివర గుండ్రం మీద పెడితే దాన్ని పూర్తిగా కప్పాలి, సగం తాకితే ఫౌల్. మీ వైపు ఉన్న రెండు బాణాల్నీ బయటికి పొడిగించినట్టు ఊహించుకోండి, ఆ హద్దు దాటి చెయ్యి పోకూడదు. కుర్చీ జరపడం, లేచి వంగి కొట్టడం కూడా కుదరదు. ఇంట్లో ఎక్కువగా జరిగేది ఇదే: మూల కాయిన్ కోసం ఒంటిని ఒరగేసి పక్కవాడి ఒళ్ళోకి వచ్చేస్తారు. కావాలని చేస్తారనుకోను, కానీ ఫౌల్ ఫౌలే.

స్ట్రైకర్ బరువు 15 గ్రాములు దాటకూడదు. కాయిన్ అయిదు, అయిదున్నర గ్రాముల మధ్య ఉంటుంది కాబట్టి బరువు స్ట్రైకర్‌తో గుంపు మొదటి దెబ్బకే చెదిరిపోతుంది. సొంత స్ట్రైకర్ తెచ్చుకోనివ్వండి, తూకం మాత్రం అందరి ముందూ వేయండి. లేదంటే ఒకే స్ట్రైకర్ అందరూ వాడండి.

ఫౌల్‌కి వెనక్కిచ్చిన కాయిన్ ఎక్కడ పెట్టాలన్నది ఎదుటివాడి ఇష్టం, కానీ బోర్డు మధ్యలోని పెద్ద సున్నా లోపలే. "ఎక్కడైనా పెడతా" అని మూలకి తోసేస్తే అది వాడి తొండి. రెడ్ వేశాక వెంటనే కవర్ (తన కాయిన్ ఇంకోటి) పడకపోతే రెడ్ మధ్యలోకి రావాలి. "తర్వాత వేస్తాలే" అంటే చెల్లదు. పౌడర్ అందరూ కూర్చున్నాక ఒకేసారి వేసి తుడవండి. ఆట మధ్యలో తన వైపు మాత్రమే చల్లుకునేవాణ్ణి ఓ కంట కనిపెట్టండి.

చీపురుపల్లి జంక్షన్

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆటలో అరటిపండు అని మనకి మాట ఉండనే ఉంది. చంటివాడు ఆడుతున్నట్టే ఉంటాడు, వాడి గెలుపోటములు లెక్కలోకి రావు. అందులో తొండి లేదు, ఎందుకంటే వాడు తప్ప అందరికీ తెలుసు, వాడికి తెలియాల్సిన వయసు కాదు. లెక్కపెట్టడం వచ్చి, "కావాలని వదిలేశావా?" అని అడిగే వయసొస్తే ఆపేయాలి. ఆ తర్వాత దొంగగా ఓడిపోవడం కంటే బహిరంగంగా ముందు పెట్టడం మేలు. అష్టాచెమ్మాలో ఒక కాయని ముందే లోపలి గళ్ళలో పెట్టించండి. రమ్మీలో వాడి కౌంటు సగానికి రాయండి. క్యారమ్స్‌లో వాడి కాయిన్లు మూడు ముందే తీసేయండి. గెలిస్తే అది వాడి గెలుపే.

పిల్లలు చేసే తొండికి పెద్ద పేర్లు పెట్టకండి. పంటలు వేసుకునేటప్పుడు మిగతావాళ్ళ అరచేతులు చూసి అరక్షణం ఆలస్యంగా తిప్పేవాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. చేతులు వెనక్కి పెట్టించి, మూడో అంకెకి అందరూ ఒకేసారి ముందుకి తేవాలి, ఆలస్యమైతే మళ్ళీ. "తూచ్" కూడా ఒక లెక్కలో ఉండాలి: ఆటకి ఒక్క తూచ్, అదీ తర్వాతివాడు పిక్కలు ముట్టుకునేలోగా.

పెద్దవాళ్ళని పట్టుకున్నప్పుడు "తొండి చేశావు" అనకండి, "అందరివీ ఓసారి మళ్ళీ చూద్దాం" అనండి. ఒక్కరి ముక్కలే విప్పమంటే పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టినట్టుంటుంది. అందరివీ విప్పితే అందులో ఆయనవీ ఉంటాయి. మావయ్య వరసవాళ్ళ దగ్గర ఇది మరీ అవసరం, పండగ పూట భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోతే పిలుచుకు రావడం మన పనే.

కోటగుమ్మం

అందరికీ ధన్యవాదాలండి. కౌంటు నియమం, చీటీలతో చోట్లు మార్చడం ఈసారి పెట్టేస్తాం. మూడోవాడి నవ్వు గురించి శ్రీముఖలింగం గారన్నది సూటిగా తగిలింది. స్ట్రైకర్ గారూ, 15 గ్రాములంటున్నారు, వంటింటి త్రాసు సరిపోతుందా?

స్ట్రైకర్

చాలా వంటింటి త్రాసులు ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తాయి, పదిహేనున్నర ఉన్నా పదిహేనో పదహారో చెబుతాయి. బంగారం కొట్టులో మిల్లీగ్రాముల దాకా చూపే త్రాసు ఉంటుంది, తెలిసిన కొట్టయితే నిమిషంలో తూచి ఇస్తారు. పౌడర్, చెమట తుడిచి తీసుకెళ్ళండి. ఇంట్లోనే చూడాలంటే పది స్ట్రైకర్లు పోగుచేసి ఒకేసారి తూచండి, 150 దాటితే వాటిలో కనీసం ఒకటి బరువైనది ఉన్నట్టు. అదేదో తేలాలంటే ఒక్కొక్కటీ కొట్టులోనే తూచాలి.